భీమిలి ట్రిప్, గెస్ట్‌హౌస్ రివ్యూ

ఆర్కే బీచ్ జనంతో విసిగిపోయినోళ్లకి భీమిలి కరెక్టండి. వైజాగ్ నుంచి బీచ్ రోడ్డులో పాతిక కిలోమీటర్ల పైచిలుకు, ఒకపక్క సముద్రం ఇంకోపక్క పచ్చటి కొండలు, దార్లో ఎర్రమట్టి దిబ్బలు, ఆ రోడ్డు కోసమైనా వెళ్లొచ్చు. ఊరు చిన్నదే గానీ 1861లోనే మున్సిపాలిటీ అయింది, డచ్చివాళ్ల సమాధుల రాళ్ల మీద చెక్కిన అక్షరాలు ఇంకా కనిపిస్తాయి, పిల్లలు వేలు పెట్టి మరీ చదివారు. గోస్తని సముద్రంలో కలిసే చోటికి మాత్రం పొద్దున్నే వెళ్లండి, వలలోంచి చేపలు ఏరుతుంటారు. మేం దిగిన గెస్ట్‌హౌస్‌లో కొబ్బరిచెట్ల నీడ, వంజరం వేపుడు సూపర్, రూములే సోసో, బాత్రూం కుళాయి రాత్రంతా కారుతూనే ఉంది, చెప్తే ‘పొద్దున చూద్దాం సార్’ అన్నారు. రేటు తగ్గిస్తే మళ్లీ వెళ్తా. అలలు లోపలికి లాగేస్తాయి, ఈతకి దిగకండి.