దోసకాయ: వేరే జాతా, రకమా? రకమైతే దేనిలో రకం?

విత్తనం దాచుకునే అలవాటున్న వాళ్లకి ప్రతి వేసవిలో ఒక అనుమానం వస్తుంది. కీరా పక్కన దోసపాదు పెడితే రెండూ కలిసిపోయి దోస చేదెక్కుతుందా? మిద్దె మీద జాగా తక్కువ కాబట్టి నాకూ ఆ భయం ఉండేది. జవాబు తెలియాలంటే ముందు దోసకాయ ఎవరి చుట్టమో తేల్చుకోవాలి. పప్పులోకీ దోసావకాయలోకీ వాడే మన గుండ్రటి పసుపు దోసకాయ తనకు తానే ఒక జాతి కావచ్చు, కీరాలో ఒక రకం కావచ్చు, ఖర్బూజాలో ఒక రకం కావచ్చు. మూడిట్లో ఏది?

వేరే జాతి అనడమే కంటికీ నాలుకకీ సబబుగా తోస్తుంది. ఖర్బూజా తీపి, ఘుమఘుమ. దోసకాయకి తీపి లేదు, ఉన్నదల్లా పులుపు, గట్టి కండ. పాతకాలం వృక్షశాస్త్రజ్ఞులూ ఇలాగే చూశారు. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో ఖర్బూజాకి కుకుమిస్ మెలో అనీ, కీరాకి కుకుమిస్ సటైవస్ అనీ పేర్లు పెట్టి, దుడైమ్ అనే చిన్న సువాసన కాయని ఇంకో జాతిగా రాసుకున్నాడు. మన సామర్లకోటలో తోట పెంచిన విలియం రాక్స్‌బర్గ్ పొడుగ్గా కాసే నక్కదోసని కుకుమిస్ యుటిలిస్సిమస్ అన్నాడు, అంటే మహా ఉపయోగకరమైనదని అర్థం. పండితే పగిలిపోయే కాయకి కుకుమిస్ మొమోర్డికా అన్నాడు. ఆయన పోయాక, 1832లో అచ్చయిన ఆయన పుస్తకం ఫ్లోరా ఇండికాలో ఇవి వేర్వేరు జాతులే. కాయ మారితే జాతి మారినట్టే లెక్క.

ఆ లెక్కని తిరగేసినవాడు ఫ్రాన్సుకి చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు చార్ల్స్ నోదాఁ. ఎక్కడెక్కడి ఖర్బూజాలనో, వాటి దగ్గరి కాయలనో తెప్పించి, పెంచి, ఒకదాని పుప్పొడి ఇంకోదానికి వేసి చూశాడు. పిల్లమొక్కలు చక్కగా కాశాయి, వాటి గింజలూ మొలిచాయి. పొడుగు, గుండ్రం, తీపి, పులుపు, అన్నీ ఒకే జాతి అనీ, అందులో పది గుంపులున్నాయనీ 1859లో ప్రకటించాడు. పేర్లు వెలిసింది చూపు మీద, కూలింది సంకరం మీద.

ఇక కీరాలో రకం అనే మాట. మూడిట్లో బలహీనమైనది ఇదే, ఎక్కువగా వినపడేదీ ఇదే. తప్పంతా పేరుది. దోసకాయని ఇంగ్లీషులో ‘ఎల్లో కుకుంబర్’ అంటున్నాం, కీరాని తెలుగులో ‘కీరదోస’ అంటున్నాం, రెండువైపులా ముడి పడిపోయింది. పాదు దగ్గరికి వెళ్లి చూస్తే ముడి దానంతటదే విడిపోతుంది. కీరా ఆకుకి కోణాలు తేలి, కొస మొనదేలి ఉంటుంది. దోస ఆకు అంచు గుండ్రంగా తిరుగుతుంది. కీరా పిందె మీద ముళ్ల బుడిపెలుంటాయి, దోస పిందె మీద మెత్తటి నూగు. ఇవీ చూపు సాక్ష్యాలే కదా అంటారేమో. సరే, కణంలోకి వెళ్దాం. కీరాలో క్రోమోజోములు 14, ఖర్బూజా వంశంలో 24. పూర్వం పన్నెండు జతలుగా ఉన్నవి కొన్ని అతుక్కుపోయి కీరాలో ఏడు జతలయ్యాయని జన్యుపటాలు చెబుతున్నాయి. ఒకదాని పుప్పొడి ఇంకోదానికి అద్దినా మొలకెత్తే గింజ కట్టదు. నక్కదోస అచ్చం కీరాలా పొడుగ్గా ఉంటుంది, పచ్చిగానే తింటాం, అయినా అది ఖర్బూజా వంశమే.

(మృత్యుంజయ మంత్రంలోని ఉర్వారుకం, అంటే దోసపండు, పండి తొడిమ నుంచి తానే విడిపోతుంది. ఆ గుణం చాలా ఖర్బూజాల్లో కనిపిస్తుంది. కీరాలో వెతకక్కర్లేదు.)

కాబట్టి నా ఓటు మూడోదానికే: దోసకాయ వేరే జాతి కాదు, ఖర్బూజాలో రకం. శాస్త్రం దాన్ని అసిడ్యులస్ అంటుంది. పులుపు వల్ల వచ్చిన పేరు.

అయితే సంకరం కుదిరితే ఒకే జాతి, కుదరకపోతే రెండు అని గీత గీసేస్తే అన్నిచోట్లా నిలవదు. పెసరనీ మినుమునీ చూడండి. రెండిట్లోనూ క్రోమోజోములు 22. పెసర తల్లిగా, మినుము తండ్రిగా పెడితే కొద్దో గొప్పో గింజలొస్తాయి, తారుమారు చేస్తే రావడం కష్టం. వచ్చిన మొక్కలు కూడా చాలావరకు గొడ్డుపోతాయి. అందుకే అవి రెండు జాతులుగానే ఉన్నాయి. అంటే గింజ పడిందా అని కాదు, మనవళ్లు పుట్టారా అని అడగాలి. హిమాలయాల దిగువన పెరిగే చేదు అడవికీరా ఈ పరీక్షలో నెగ్గి, హార్డ్‌వికీ అనే సొంత జాతి పేరు పోగొట్టుకుని, కీరాలో రకంగా చేరింది.

‘రకం’ అన్న మాటతోనూ చిన్న పేచీ ఉంది. అడవిలో తనంతట తాను ఏర్పడిన రకం వేరు, రైతు తరతరాలుగా ఏరి నిలబెట్టిన రకం వేరు. దోసకాయ రెండో బాపతు. సాగు మొక్కల పేర్లకి 1953 నుంచి విడిగా నియమావళి ఉంది, అందులో ఇలాంటివాటిని ‘గ్రూప్’ అంటారు. నాకు ఆ పద్ధతే నచ్చుతుంది. ఖర్బూజాతో దోస కలిసిపోతే రెండు మూడు తరాల్లో ఆ గీత చెరిగిపోతుంది కాబట్టి దానికి లాటిన్ హోదా ఎక్కువే.

మళ్లీ మిద్దె మీదికి. కీరా పక్కన దోస పెట్టుకోవచ్చు, కలవవు. చేదుకి కారణాలు వేరే: విత్తనంలో ఉన్న గుణం, ఎండ ఎక్కువవడం, తడి చాలకపోవడం. జాగ్రత్త పడాల్సింది ఖర్బూజా, నక్కదోసల దగ్గర. తేనెటీగలు అటూ ఇటూ వాలినా ఈ ఏడు కాసిన కాయ రుచి మారదు. కానీ దాని గింజ దాచి వచ్చే ఏడు వేస్తే అటు పులుపూ కాక ఇటు తీపీ కాక చప్పటి కాయలు రావచ్చు. నేను విత్తనానికి ఉంచుకునే ఆడపువ్వుకి ముందురోజు సాయంత్రమే పల్చటి గుడ్డసంచి కడతాను. పొద్దున్నే అదే పాదు మగపువ్వుతో అద్ది మళ్లీ కట్టేస్తాను. కీరాకి మాత్రం దోస భయంతో సంచి కట్టే పని లేదు.