ఫలక్‌నుమా ప్యాలెస్‌లో బస అంటూ కర్నూలులో తిరుగుతున్న ప్యాకేజీకి డబ్బు కట్టకండి

కర్నూలు, నంద్యాల, అనంతపురం వైపు వాళ్లందరికీ చెప్తున్నా. హైదరాబాద్ ఫలక్‌నుమా ప్యాలెస్ హోటల్లో ఒక రాత్రి బస, డిన్నర్, ప్యాలెస్ టూర్ అన్నీ కలిపి జంటకు 46,000 అని ఒక కరపత్రం వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. మీకూ వచ్చి ఉంటే దయచేసి ఒక్క రూపాయి కూడా పంపకండి. మా డబ్బు పోయింది, అమ్మానాన్నలను తీసుకుని అంత దూరం పోయి గేటు బయటి నుంచే వెనక్కి వచ్చాం.

అమ్మేది మా కర్నూలులోనే ఉన్న ఒక ట్రావెల్ ఏజెంట్. కంప్లైంట్ నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. పైగా ఇలాంటివాళ్లకు పేరు, బోర్డు మార్చడం ఒక పూట పని, అందుకే పేరు కన్నా ఆ కరపత్రంలో ఏముందో మీకు తెలియడమే ముఖ్యం.

అమ్మానాన్నల పెళ్లయి 40 ఏళ్లు నిండిన సందర్భానికి నేనూ చెల్లెలూ కలిసి తీసుకున్న ప్యాకేజీ అది. మనిషి ఆఫీసులో కూర్చోబెట్టి టీ తెప్పించి ఎంతో మర్యాదగా మాట్లాడాడు. డబ్బు కట్టగానే హోటల్ లోగోతో, కన్ఫర్మేషన్ నంబరుతో పీడీఎఫ్ పంపాడు. ప్రయాణానికి ముందు రోజు రాత్రి పొద్దుపోయాక చెల్లెలికి ఫోన్ చేసి, లగ్జరీ పన్ను 28 శాతం ఇప్పుడే కట్టాలి, లేదంటే పొద్దున్నకల్లా బుకింగ్ క్యాన్సిల్ అవుతుంది అన్నాడు. అమ్మ అప్పటికే పట్టుచీర తీసి పెట్టుకుని ఉంది, ఆ టెన్షన్‌లో అదీ పంపేశాం. రోజుకు 7,500 దాటిన గదికి 28 శాతం జీఎస్టీ ఉండేది 2019 సెప్టెంబరు వరకే, ఆ అక్టోబరు నుంచి 18 శాతం. అదీ బిల్లులో కలిసి వస్తుంది కానీ రాత్రిపూట ఫోన్ చేసి వేరేగా అడిగే పన్ను కాదు.

మర్నాడు గేటు దగ్గర సెక్యూరిటీ అతను మా పీడీఎఫ్ చూసి, తన దగ్గరున్న పేర్ల జాబితాలో నాన్న పేరు కోసం పైనుంచి కింది దాకా వేలు పెట్టి రెండుసార్లు వెతికాడు. లేదు. లోపలికి ఫోన్ చేసి నంబరు చదివి వినిపించాడు, అలాంటి నంబరే లేదన్నారు. ఇక్కడ హోటల్ వాళ్ల తప్పు ఏమీ లేదు, ఎంతో ఓపిగ్గా మాట్లాడారు. మేం అక్కడ నిలబడి ఉండగానే ఎవరో గెస్టులను ఎక్కించుకుని గుర్రపు బగ్గీ కొండ మీదికి పోయింది. నాన్న ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

తిరిగి వచ్చాక ఆ కరపత్రాన్ని, ఆ ప్యాలెస్ చరిత్రను పక్కపక్కన పెట్టి చదివాను. అందులో ఉన్నవి సగానికి సగం అబద్ధాలు. "ఏడో నిజాం తన బేగం కోసం కట్టించిన మహల్" అని మొదటి లైనే తప్పు. కట్టించింది నిజామే కాదు, నిజాం కొలువులోని పాయిగా అనే ప్రభువుల వంశానికి చెందిన నవాబు వికార్ ఉల్ ఉమ్రా, తర్వాత హైదరాబాద్ రాజ్యానికి ప్రధానిగా చేసిన మనిషి. 1884 మార్చి 3న శంకుస్థాపన జరిగితే, లోపలి అలంకారాలతో సహా పూర్తి కావడానికి దాదాపు తొమ్మిదేళ్లు పట్టింది. ఇటలీ పాలరాయి తెప్పించారు, పైనుంచి చూస్తే తేలు ఆకారంలో ఉంటుంది. అంత ఖర్చు ఆయన్ను అప్పుల్లోకి దించిందని చెప్తారు. చివరికి అది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. 1911లో ఆయన పోయారు, 1950ల తర్వాత చాలా ఏళ్లు అది మూతబడే ఉంది. తర్వాత తాజ్ గ్రూపు తీసుకుని, నిజాం కుటుంబానికి చెందిన రాణి ఎస్రా దగ్గరుండి చూసుకోగా ఏళ్ల తరబడి బాగు చేయించి, 2010 నవంబరులో హోటల్‌గా తెరిచారు.

కరపత్రంలో 200 గదులు అని వేశారు. ఉన్నవి గదులు, సూట్లు కలిపి 60. అంత తక్కువ గదులున్న చోట, పండగ సీజన్లో కూడా ఏ తేదీ కావాలన్నా దొరుకుతుంది అని ఎవరైనా చెప్తే అక్కడే అనుమానించాలి.

ఇంకా ఘోరం ఏంటంటే ఫొటో. కరపత్రం మీద పెద్దగా వేసిన హాలు, వరసగా వేలాడే షాండ్లియర్లు, మధ్యలో పాలరాతి గద్దె, అది ఫలక్‌నుమా కానే కాదు, చార్మినార్ దగ్గరున్న చౌమహల్లా ప్యాలెస్ దర్బారు హాలు. అది మ్యూజియం, టికెట్ తీసుకుని ఎవరైనా చూసి రావచ్చు, అక్కడ బస చేయడానికి లేదు. ఫలక్‌నుమాలో నిజంగా చూడాల్సినవి వేరే: 101 మంది ఒకేసారి కూర్చుని తినే భోజనాల బల్ల, ఇంగ్లండ్‌లోని విండ్సర్ కోటలో ఉన్నదాన్ని చూసి చేయించిన చెక్క పైకప్పుతో లైబ్రరీ. 2017 నవంబరులో ప్రధాని మోదీ ఇవాంకా ట్రంప్‌కు విందు ఇచ్చింది ఆ బల్ల దగ్గరే. ఇంత గొప్పవి ఉండగా వాటిలో ఒక్కటి కూడా కరపత్రంలో లేదు. ఆ ప్యాలెస్ గడప తొక్కినవాడు రాసింది కాదని దాంతోనే తెలుస్తుంది.

"నిజాం నగలు, జాకబ్ వజ్రం దర్శనం ఉచితం" అన్నది ఇంకో ఎర. అమ్మకు బాగా నచ్చింది అదే. ఆ నగలు ఏ హోటల్లోనూ లేవు. 1995లోనే కేంద్ర ప్రభుత్వం కొనేసింది, రిజర్వ్ బ్యాంకు వాల్టుల్లో ఉన్నాయి. ఎప్పుడో ఒకసారి మ్యూజియంలో ప్రదర్శనకు పెడితే తప్ప డబ్బున్నవాళ్లకైనా చూసే వీలు లేదు.

ఎవరి ద్వారా బుక్ చేసినా సరే, కన్ఫర్మేషన్ నంబరు చేతికి రాగానే హోటల్ సొంత వెబ్‌సైట్లో ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేసి, ఆ నంబరూ బస చేసేవాళ్ల పేరూ చెప్పి, ఉందా లేదా అని అడగండి. ఏజెంట్ ఇచ్చిన "హోటల్ నంబరు"కు మాత్రం చేయకండి, మాకు ఇచ్చింది కూడా వాళ్ల మనిషి నంబరే. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే సంస్థ పేరు కాకుండా ఎవరిదో వ్యక్తి పేరు వస్తే ఆపేయండి. జీఎస్టీ నంబరున్న బిల్లు అడిగితే "తర్వాత ఇస్తాం" అన్నా ఆపేయండి. బస లేకుండా అక్కడ భోజనానికో హై టీకో పోవాలనుకున్నా ముందుగా బుకింగ్ ఉండాల్సిందే, "నేరుగా పోండి, నా పేరు చెప్తే పంపిస్తారు" అంటే నమ్మకండి.

ఇప్పటికే కట్టినవాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే వాళ్ల అకౌంటులో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. "రేపు రీఫండ్ వేస్తా అన్నా, కంప్లైంట్ మాత్రం వద్దు" అని బతిమాలతాడు, మమ్మల్నీ అలాగే తిప్పించాడు, ఆ రేపు రాదు. హైదరాబాద్ పోయి కేసు వేయాలేమో అని భయపడే పని లేదు, 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, కట్టిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు కూడా లేదు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చేస్తే తెలుగులోనే చెప్తారు.

వాడి మెసేజ్‌లు, పీడీఎఫ్, పేమెంట్ స్క్రీన్‌షాట్లు, కాల్ లిస్టు ఏవీ డిలీట్ చేయకండి. ఇదే కరపత్రం చూసి మోసపోయినవాళ్లు ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. నేను సైబర్ కంప్లైంట్ ఇచ్చాను, కమిషన్‌లో వేయడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నా, అందరివీ కలిపి ఒకేసారి ఇద్దాం.