మెంబర్లకు మాత్రమే: అపార్ట్‌మెంట్ వెబ్‌సైట్ ఫారాలతో నా నాలుగేళ్లు

2021 జూన్‌లో మా క్లబ్‌హౌస్‌లో కోవిడ్ టీకా క్యాంపు పెట్టించాం. వచ్చే ఆసుపత్రి వాళ్ళు ఎంతమందో ముందే చెప్పమన్నారు. పది నిమిషాల్లో గూగుల్ ఫారం తయారుచేసి, వాట్సాప్ గ్రూపులో లింకు పడేసి పడుకున్నాను. తెల్లారి లేచి చూస్తే మా 168 ఫ్లాట్లకు ఆరువందల చిల్లర పేర్లు! పక్క వెంచర్ వాళ్ళు, ఎవరి ఆడపడుచు అత్తగారో, మా పాలబ్బాయి కుటుంబం మొత్తం. ఒకాయనైతే ఫ్లాట్ నంబరు దగ్గర "త్వరలో కొంటాం" అని రాశాడు.

టీకా కాబట్టి ఎవర్నీ ఏమీ అనలేం, అప్పుడు అందరిదీ ప్రాణభయమే. కానీ అదే లింకు అలవాటు క్లబ్‌హౌస్ బుకింగ్‌కు, పార్కింగ్ స్టిక్కర్లకు, కమిటీ నామినేషన్లకు కూడా వచ్చేసరికి "మనవాళ్ళు మాత్రమే నింపాలి" అనే పని నా నెత్తిన పడింది. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీరును కాను. అకౌంట్స్ మనిషిని, అసోసియేషన్‌కు సెక్రటరీని. హైదరాబాద్‌లో నిజాంపేట వైపు మూడు బ్లాకుల కాంప్లెక్స్ మాది. ఈ నాలుగేళ్లలో వాడిచూసిన పద్ధతులు, ఏది ఎంతవరకు పనికొచ్చిందో రాస్తున్నాను.

ముందు గూగుల్ ఫారం సంగతి. అందులో "ఒక్కరికి ఒక్కసారే" అన్న సెట్టింగ్ ఉంది. అది ఆన్ చేస్తే నింపేవాళ్ళు గూగుల్ ఖాతాతో సైన్ ఇన్ కావాలి. సైన్ ఇన్ అడుగుతోంది కదా, తాళం పడినట్టే అనుకున్నాను. పడలేదు. ఒక ఖాతా నుంచి రెండోసారి రాకుండా చూడటమే దాని పని. ఆ ఖాతా మా బి బ్లాకుదా, బేగంపేటదా అన్నది దానికి అనవసరం. పైగా ఒకే ఫ్లాట్ నుంచి భార్య ఖాతాలో ఒకటి, భర్త ఖాతాలో ఒకటి వచ్చాయి. పిల్లాడి ట్యూషన్ కోసం తీసిన ఖాతాలోంచి మూడోది.

"మా సంస్థలోని వాళ్ళకే" అన్న సెట్టింగ్ కూడా ఉంటుంది, కానీ అది డబ్బు కట్టి తీసుకునే వర్క్‌స్పేస్ ఖాతాలకు. మామూలు జీమెయిల్‌తో చేసే మాలాంటి వాళ్ళకు కనిపించదు. డ్రైవ్‌లో ఫైలు షేర్ చేసినట్టు ఫలానా ఈమెయిళ్ళకే ఫారం తెరుచుకునేలా పెట్టే వీలు ఈమధ్య వచ్చింది. మా పదకొండు మంది కమిటీకి అదే వాడుతున్నాను, హాయిగా ఉంది. 168 ఇళ్ళకు మాత్రం అది కుదరలేదు. సగం మంది తమ జీమెయిల్ ఏమిటో పిల్లల్ని అడిగి చెప్పాలి.

ఈమెయిల్ సేకరించే సెట్టింగ్‌లో ఒక మెలిక ఉంది. "వెరిఫైడ్" అని పెడితే సైన్ ఇన్ అయిన ఈమెయిలే వస్తుంది. రెండోది పెడితే మనిషి ఏది టైప్ చేస్తే అదే వస్తుంది, పక్కింటివాళ్ళది కొట్టినా సరే. ఈ తేడా నాకు ఆరు నెలలకు గానీ తెలియలేదు. దానికన్నా పెద్ద పొరపాటు, జవాబుల సారాంశం అందరికీ చూపించే టిక్కు. ఫిర్యాదుల ఫారంలో నేనే దాన్ని ఆన్ చేసి ఉంచాను. "పై ఫ్లాట్ వాళ్ళు రాత్రి పదకొండింటికి రోలు దంచుతారు" అని ఒకావిడ రాసింది. తర్వాత ఫారం నింపినవాళ్ళలో ఆ పై ఫ్లాట్ ఆవిడ కూడా ఉంది. ఇద్దరూ లిఫ్ట్‌లో మాట్లాడుకోరు ఇప్పటికీ.

2022లో వర్డ్‌ప్రెస్ అన్న, వెబ్‌సైట్లు తయారుచేసుకునే సాఫ్ట్‌వేర్‌తో సొంత వెబ్‌సైట్ పెట్టుకున్నాం. మొదట చేసింది పేజీకి పాస్‌వర్డ్ పెట్టడం. ప్లగిన్ (సైటుకు అదనపు పని కోసం తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) ఏమీ అక్కర్లేదు, పేజీ రాసేచోటే ఉంటుంది. ఒకసారి కొడితే బ్రౌజరు పదిరోజులు గుర్తుపెట్టుకుంటుంది, మళ్ళీ మళ్ళీ అడగదు. పెద్దవాళ్ళకు నచ్చింది. అందరికీ ఒకటే పాస్‌వర్డ్ కాబట్టి అది ఎన్నాళ్ళు గుట్టుగా ఉంటుందో మీరే ఊహించుకోండి. మూడోవారానికి మా ట్రెజరర్ గారు అందరికీ తెలియాలని ప్రింటు తీసి లిఫ్ట్‌లో అంటించారు. ఆయన ఉద్దేశం మంచిదే. ఆ పక్కనే ఉన్న "ప్రైవేట్" అన్న సెట్టింగ్ చూసి, ఇదే మనకు కావాల్సింది అనుకున్నాను కూడా. అది పెడితే పేజీ అడ్మిన్లకు, ఎడిటర్లకు తప్ప ఇంకెవరికీ కనిపించదు, లాగిన్ అయిన మామూలు సభ్యులకు కూడా. రెండు రోజులు ఫోన్లు ఆగలేదు.

చివరికి ఫ్లాట్‌కు ఒక లాగిన్ ఇవ్వక తప్పలేదు. ఫారాలకు కాంటాక్ట్ ఫారం 7 అన్న ప్లగిన్ వాడుతున్నాం, ఉచితం. దాని అడిషనల్ సెట్టింగ్స్ ట్యాబ్‌లో "సబ్‌స్క్రైబర్స్ ఓన్లీ" అన్న ఒక్క లైను రాస్తే లాగిన్ కానివాళ్ళకు ఆ ఫారం తెరుచుకోదు, లాగిన్ అయినవాళ్ళకే అన్న ముక్క కనిపిస్తుంది. ఇంతకన్నా తేలికైన తాళం నేను చూడలేదు. డబ్బు పెట్టే ఫారం ప్లగిన్లలో, ఉదాహరణకు గ్రావిటీ ఫార్మ్స్‌లో, ఇదే పని ఒక టిక్కుతో అవుతుంది. మాకు లైను రాయడం బరువనిపించలేదు, డబ్బు మిగిలింది. కాకపోతే కాంటాక్ట్ ఫారం 7 వచ్చిన జవాబుల్ని మెయిల్ పంపి ఊరుకుంటుంది, తనదగ్గర దాచదు. దాచుకోవడానికి ఆ రచయితదే ఫ్లమింగో అన్న ఇంకో ప్లగిన్ వేసుకోవాలి. మొదటి రెండు నెలలు అది లేక మెయిల్లో వెతుక్కుంటూ కూర్చున్నాను.

ఇందులో నాకు బాగా నచ్చిన విషయం ఒకటి చెప్పాలి. లాగిన్ అయిన మనిషి పేరు ఫారంలో ముందే నిండి వచ్చేలా పెట్టొచ్చు. చూడటానికి బాగుంటుంది, కానీ అది మామూలు గడే, చెరిపేసి ఇంకొకరి పేరు రాయొచ్చు. అందుకని మాకు వచ్చే మెయిల్లో అసలు ఏ లాగిన్ నుంచి పంపారో కూడా పడేలా ఒక ట్యాగు పెట్టాను. గడిలో ఏం రాసినా ఆ ట్యాగు మారదు. సంక్రాంతి మూడు రోజులకూ క్లబ్‌హౌస్ కావాలని వేర్వేరు పేర్లతో మూడు బుకింగ్‌లు వస్తే, మూడూ ఒకే ఫ్లాటు నుంచి అని దీనివల్లే తెలిసింది.

ఈ పేరు ముందే నిండే ముచ్చటే ఒకసారి కొంప ముంచింది. సైటు నెమ్మదిగా ఉందంటున్నారని క్యాష్ ప్లగిన్ వేశాను. లాగిన్ అయినవాళ్ళ పేజీలు కూడా క్యాష్ చెయ్యమంటారా అని అడిగితే, వేగంగా వస్తుంది కదా అని సరే కొట్టాను. క్యాష్ అంటే ఒకరికి తయారైన పేజీని దాచి తర్వాతివాళ్ళకు అదే వడ్డించడం. పొద్దున మొదట తెరిచింది బి-203 ఆయన. ఆ రోజంతా ఎవరు తెరిచినా ఆయన పేరు, ఆయన ఈమెయిలు నిండిన ఫారమే వచ్చింది. కొందరికి ఫారం పోలేదు కూడా. లాగిన్ అయినవాళ్ళ ఫారంలో ఒక రహస్య సంఖ్య ఉంటుంది, అది మనిషి మనిషికీ మారాలి, ఒక రోజుకి మించి చెల్లదు. ఎవరో ఒకరిది అందరికీ ఇస్తే వర్డ్‌ప్రెస్ ఒప్పుకోదు. సభ్యుల పేజీలన్నిటినీ క్యాష్ నుంచి తీసేశాక గానీ కుదుటపడలేదు. ఇదంతా నా చేతులారా చేసుకున్నదే.

లాగిన్లతో వచ్చే అసలు టెన్షన్ పాస్‌వర్డ్ మరిచిపోవడం. "నన్ను గుర్తుంచుకో" అని టిక్కు పెడితే రెండు వారాలు, పెట్టకపోతే రెండు రోజులు లాగిన్ నిలుస్తుంది. మా ఫారాలు జనం వాడేది మూడు నెలలకోసారి. అంటే వచ్చిన ప్రతిసారీ పాస్‌వర్డ్ కావాలి, ప్రతిసారీ మరిచిపోయి ఉంటారు. కొత్త పాస్‌వర్డ్ పెట్టుకునే లింకు మెయిల్లో వస్తుంది, ఒక్కరోజే చెల్లుతుంది. మెయిలు స్పామ్‌లో పడుతుంది, వాళ్ళు నాలుగోరోజు చూస్తారు, "మీ లింకు పనిచేయట్లేదండీ" అని ఫోన్. స్పామ్ గొడవ మాత్రం తీరింది. సైటు ఉండే హోస్టింగ్ సర్వరు తనంతట తాను పంపే మెయిల్‌ను ఆపి, మా డొమైన్ (సైటు అడ్రసు) పేరుతో ఒక మెయిల్ పెట్టె తీసుకుని, ఎస్‌ఎమ్‌టీపీ ప్లగిన్‌తో దాన్నుంచి పంపుతున్నాం. మెయిలు నిజంగా మా డొమైన్ నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు డొమైన్‌లో చేర్చమని మా సి బ్లాకు కుర్రాడు చెప్పాడు, చేర్చాక మెయిళ్ళు ఇన్‌బాక్స్‌లోనే పడుతున్నాయి.

ఇంత గొడవెందుకు, ఫోనుకు ఓటీపీ పంపొచ్చు కదా అన్నారు మీటింగులో. అడిగి చూశాను. మన దేశంలో అలాంటి ఎస్‌ఎమ్‌ఎస్ పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీ అన్న, టెలికాం కంపెనీల నమోదు వేదికలో సంస్థను నమోదు చేసుకోవాలి, పంపేవారి పేరుకు, మెసేజ్ నమూనాకు అనుమతి తెచ్చుకోవాలి. 168 ఇళ్ళకు అంత తతంగం వద్దనుకున్నాం. డాలస్‌లో ఉన్న మా ఓనరు ఒకాయన ఇండియా నంబరు ఎప్పుడో వదిలేశారు, ఆయనకు ఓటీపీ ఎలాగూ అందదు. ఈమెయిల్ లాగిన్‌తో అక్కడినుంచే అద్దెదారు మారిన ఫారం నింపారు.

అందరూ ఇలా లేరు. ఏ-101లో ఉండే రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గారు, "బాబూ, ముప్ఫై ఎనిమిదేళ్ళు ఊళ్ళోవాళ్ళ డబ్బుకు కాపలా కాశాను. నా ఇంటి హాలు నేను వాడుకోవడానికి పాస్‌వర్డ్ ఎందుకయ్యా?" అన్నారు. సమాధానం దొరకలేదు. ఆఫీసులో కాగితం ఫారం కూడా పెట్టాను. సంతకం చేసి ఇస్తే మా అసోసియేషన్ ఆఫీసు మేనేజరు తన లాగిన్‌తో ఎక్కిస్తాడు, కాగితం ఫైల్లో ఉంటుంది. వేరేవాళ్ళ లాగిన్ అడుక్కుని నింపడం దీనితో బాగా తగ్గింది.

ఫారం దగ్గర ఇన్ని తాళాలు వేసి, ఫైళ్ళ దగ్గర తలుపు బార్లా తీసి ఉంచాను. సభ్యుల ఫోన్ నంబర్ల పీడీఎఫ్‌ను సభ్యుల పేజీలో పెట్టాను. పేజీకి లాగిన్ ఉంది, ఆ ఫైలుకు లేదు. వర్డ్‌ప్రెస్‌లో అప్‌లోడ్ చేసినవన్నీ సంవత్సరం, నెల పేర్లున్న ఫోల్డర్లలో పడి ఉంటాయి, అడ్రసు తెలిస్తే ఎవరైనా నేరుగా తెరవొచ్చు. ఎవరో ఆ లింకు బయట పెట్టారు. వారంలో ఓనర్లందరికీ బ్రోకర్ల ఫోన్లు, "సార్, మీ ఫ్లాట్ అద్దెకిస్తారా, ఐటీ ఫ్యామిలీ ఉంది" అని. ఆ జాబితా తీసేశాను, మళ్ళీ పెట్టలేదు. ఆడిట్ రిపోర్టులు డ్రైవ్‌లో పెట్టి ఈమెయిళ్ళకు షేర్ చేస్తున్నాను. అద్దెదారుల ఫారంలో ఆధార్ కాపీ అడగడం మానేశాం. తప్పనిసరైతే చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలంటున్నాం.

మధ్యలో డబ్బు కట్టి ఒక మెంబర్‌షిప్ ప్లగిన్ కూడా వాడాం. పేరు అక్కర్లేదు, పని బాగానే చేసింది. ఏదో పేజీ సరిగ్గా రావట్లేదని దాన్ని ఒకరాత్రి డీయాక్టివేట్ చేశాను. అంతవరకు అది దాచిన పేజీలన్నీ లోకానికి తెరుచుకున్నాయి. పొద్దున ఆరింటికి చూసుకున్నాను. తాళం తీసేస్తే తలుపు తెరుచుకుంటుందని తెలియక కాదు, ఆ క్షణానికి తట్టలేదు. ఆ సంవత్సరం తర్వాత రెన్యూ చేయలేదు.

ఇప్పుడు నా టైము ఎక్కువగా తినేది వీటిలో ఏదీ కాదు, సభ్యుడెవరు అన్న రిజిస్టరు. మా బైలాస్ (అసోసియేషన్ నియమావళి) ప్రకారం ఓనరే సభ్యుడు, అద్దెకున్నవాళ్ళు కాదు. కానీ క్లబ్‌హౌస్ వాడేది, ప్లంబర్ని పిలిచేది వాళ్ళే. నామినేషన్, బైలాస్ మార్పుల ఫారాలు ఓనరు లాగిన్‌కే, మిగతావి ఇద్దరికీ అని విడగొట్టాను. అద్దె ఒప్పందాలు ఎక్కువగా పదకొండు నెలలవి కాబట్టి, అద్దెదారు లాగిన్ ఇచ్చిన రోజే పదకొండో నెలకు ఫోన్లో రిమైండర్ పెట్టుకుంటాను. ఖాళీ చేసి వెళ్ళిన ఒక కుర్రాడు ఏడాది తర్వాత మా హాల్లో స్నేహితుడి పుట్టినరోజు బుక్ చేసుకున్నాక నేర్చుకున్న పాఠం ఇది. రెండు ఫ్లాట్లున్న వాళ్ళతో ఇంకో చిక్కు. వర్డ్‌ప్రెస్ ఒక ఈమెయిల్‌తో ఒక్క ఖాతానే ఇస్తుంది. వాళ్ళకు ఒకే లాగిన్ ఇచ్చి, ఫారంలో ఏ ఫ్లాటు కోసమో ఎంచుకోమంటున్నాం. ఫ్లాటు అమ్మినవాళ్ళు చెప్పరు. కొన్నవాళ్ళు మెయింటెనెన్స్ బిల్లు పాత పేరుతో వచ్చినప్పుడు చెబుతారు.

యాభై ఇళ్ళ లోపు అపార్ట్‌మెంటైతే ఇదంతా వద్దంటాను. ఫలానా ఈమెయిళ్ళకే తెరుచుకునే గూగుల్ ఫారం, "వెరిఫైడ్" సెట్టింగ్‌తో సరిపోతుంది. వంద దాటితేనే ఫ్లాటుకో లాగిన్ గురించి ఆలోచించండి, అదీ వారానికి రెండు గంటలు కూర్చునే మనిషి దొరికితేనే.

ఓటింగ్ మాత్రం నేను వెబ్‌సైట్‌లో పెట్టలేదు. లాగిన్ ఉంటే ఎవరు ఎవరికి వేశారో అడ్మిన్‌గా నాకు తెలిసిపోతుంది, లాగిన్ తీసేస్తే టీకా క్యాంపు కథే మళ్ళీ. పోయిన ఎన్నికలకు కూడా క్లబ్‌హౌస్‌లో ఒక టేబులు వేసి, రిజిస్టర్‌లో సంతకం తీసుకుని, పైన సందు కోసిన బిస్కెట్ల అట్టపెట్టెలో చీటీలు వేయించాం. ఏ-101 మేనేజరు గారే ఓట్లు లెక్కపెట్టారు.