నా అయిదు తీగల బేస్: ఏడున్నరేళ్ల వాడకం తర్వాత

కిందటి నెల బొబ్బిలి దగ్గర ఒక పెళ్లిలో వాయించి స్టేజీ దిగుతుంటే ఓ పెద్దాయన వచ్చి నా బేస్ గిటార్ మీద చెయ్యి వేసి, "ఎర్రచందనమేటి బావూ?" అని అడిగారు. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. కాకపోతే 2018లో ఎక్కువగా అడిగేవారు. అప్పుడిది కుంకుమ కలిపిన ఇటుక రంగులో ఉండేది, ఇప్పుడు పాత చింతపండు రంగుకొచ్చింది. దీని పైపలక ఆఫ్రికా పడాక్ కర్ర, ఆ కర్ర తీరే అంత. కోసిన రోజు ఎర్రగా ఉంటుంది, వెలుతురు తగిలేకొద్దీ గోధుమ రంగులోకి దిగిపోతుంది. మన శేషాచలం ఎర్రచందనానికి ఇది చుట్టమే, రెండూ టెరోకార్పస్ అనే ఒకే ప్రజాతికి చెందిన చెట్లు. చుట్టమే గానీ అది కాదు. ఆ పెద్దాయనకి అదే చెప్పాను. ఆయన వీణలు చేసే ఇంటివారని ఆ తర్వాత తెలిసింది. ఆయన ఏమన్నారో చివర్లో రాస్తాను.

మాది విజయనగరం. పగలు ఉద్యోగం, రాత్రిళ్లు ఆర్కెస్ట్రా. పెళ్లిళ్లు, జాతరలు, దసరా పందిళ్లు, ఆదివారం ఉదయం చర్చి. మొదటి తొమ్మిదేళ్లు ఫ్యాక్టరీలో తయారైన నాలుగు తీగల బేస్‌తోనే నెట్టుకొచ్చాను. దాని మీద నాకు కోపం లేదు, చెయ్యి తిరిగిందే దాని మీద. కానీ మన తీరప్రాంతం గాలి దానికి పడలేదు. శ్రావణంలో నెక్, అంటే తీగలు నొక్కే పొడుగు మెడ, ముందుకి వంగి తీగలు లేచిపోయేవి, పన్నెండో ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు) దాటి నొక్కాలంటే వేళ్లు పీకేవి. పుష్యమాసానికి నెక్ వెనక్కి లాగి ప్రతి తీగా బజ్ కొట్టేది. ప్రోగ్రాంకి ముందు నెక్ సరిచేసే అలెన్ కీ పట్టుకుని కూర్చోవడం ఒక దినచర్య అయిపోయింది.

అందుకే 2017లో చేతితో తయారు చేసే ఒకాయనకి ఆర్డరిచ్చాను. నెక్ బాడీ చివరిదాకా ఒకే ముక్కగా వెళ్లే రకం, స్కేలు, అంటే మోగే తీగ పొడవు, 34 అంగుళాలు. నెక్‌కి మూడు వెంగే కర్ర పట్టీలు, వాటి మధ్య రెండు సన్న పర్పుల్‌హార్ట్ కర్ర పట్టీలు. నెక్‌కి రెండు పక్కలా బాడీ రెక్కలు మహాగని, పైన ఆరు మిల్లీమీటర్ల పడాక్ పలక, పలకకీ మహాగనికీ మధ్య గీతలా కనిపించే మేపుల్ పొర. ఫ్రెట్‌బోర్డ్ రోజ్‌వుడ్. మొత్తం లక్షా పదివేలు. నాలుగు నెలల్లో ఇస్తానన్నారు, పదకొండు నెలలు పట్టింది. ఫోన్ చేసిన ప్రతిసారీ "వచ్చే వారం సార్" అన్న మాటే. సగం డబ్బు ముందే ఇచ్చి అన్నాళ్లు ఎదురుచూడటం ఎంత కష్టమో ఇంట్లో సమాధానం చెప్పుకున్నవాడికే తెలుస్తుంది. మీరెవరైనా చేయించుకుంటుంటే డబ్బు విడతలుగా ఇవ్వండి. నెక్ అతికిన ఫోటో వచ్చాక ఒక విడత, ఫ్రెట్లు పడ్డాక ఇంకో విడత.

ముందు నెక్ సంగతి చెబుతాను, ఎందుకంటే నేను డబ్బు పెట్టింది దానికే, ఫలితం దక్కిందీ అక్కడే. 2018 అక్టోబరు 10, నవరాత్రుల మొదటి రోజు, కాశీబుగ్గలో మాకు ప్రోగ్రాం. తుపాను కబురుతో రద్దయింది. అప్పటికే చేరుకున్నాం కాబట్టి పలాసలో మా పెద్దమ్మగారింట్లో ఉండిపోయాం. 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటింది. ఆ శబ్దం ఇప్పటికీ చెవుల్లో ఉంది. పెంకులు ఒక్కొక్కటే లేచి పెరట్లో పడుతుంటే నా బేస్, మా గిటారిస్ట్ తమ్ముడి గిటార్ ఒకే మంచం కిందకి తోసి పైన టార్పాలిన్ కప్పాం. తెల్లారాక చూస్తే ఉద్దానం కొబ్బరి తోటలు నేలమట్టం, జీడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయి ఉన్నాయి, రోడ్డు కనపడలేదు. ఆ ఊళ్ల వాళ్ల కష్టం ముందు మా వాయిద్యాలు ఒక లెక్కా? వాటిని అక్కడే వదిలి నడిచి వచ్చేశాం.

పన్నెండు రోజుల తర్వాత వెళ్లి తెచ్చుకున్నాను. అన్నాళ్లూ కరెంటు లేదు, గోడలు చెమ్మ కక్కుతున్నాయి. బ్యాగు తెరిస్తే ముక్కిన వాసన, స్ట్రాప్ మీద తెల్లటి బూజు, తీగలు తుప్పు. ఇంటికొచ్చి తీగలు మార్చి, ట్యూన్ చేసి, మొదటి ఫ్రెట్టూ చివరి ఫ్రెట్టూ ఒకేసారి నొక్కి పట్టి, ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగ కింద విజిటింగ్ కార్డు దూర్చి చూశాను. తుపానుకి ముందు ఎలా దూరిందో అలాగే, పైకి లేపకుండా, కిందకి తొక్కకుండా దూరింది. ఆ కార్డు మందం మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుందేమో. నేను మా ఆవిడని పిలిచి చూపించాను, ఆవిడకి ఏమీ అర్థం కాకపోయినా నా మొహం చూసి నవ్వింది. తమ్ముడి గిటార్ నెక్ మాత్రం మెలి తిరిగిపోయింది.

ఒక్క తుపానుతో తీర్పు చెప్పెయ్యకూడదు, అతనిది పాతదీ ఒంటి మేపుల్ ముక్కదీ. కానీ ఆ తర్వాత గడిచిన ఏడు వానాకాలాలదీ అదే మాట. ఈ ఏడున్నరేళ్లలో ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ) తిప్పింది నాలుగుసార్లు, ఒక్కోసారి పావు చుట్టు. వెంగే బరువైన కర్ర, గట్టిది, పైగా రేఖలు ఎదురెదురుగా ఉండేలా అయిదు పట్టీలు అతికితే ఒకటి వంగబోతే ఇంకోటి ఆపుతుంది. పాత బేస్‌లో జీ తీగ మీద అయిదో ఫ్రెట్ నుంచి ఏడో ఫ్రెట్ దాకా స్వరం పుట్టగానే చచ్చిపోయేది. బేస్ వాయించేవాళ్లకి తెలిసిన రోగమే అది, నెక్ ఆ స్వరం శక్తిని తాగేస్తుంది. ఇందులో ఆ చోట ఇంకా కొంచెం తేడా ఉంది గానీ పాట మధ్యలో వెతుక్కోవలసినంత కాదు.

ఇక పడాక్ పలక. ఆర్డర్ ఇచ్చేటప్పుడు దీనివల్ల స్వరానికి వెచ్చదనం వస్తుందని విన్నాను, నమ్మాను. ఇన్నాళ్లు వాయించాక నా చెవి చెప్పేది వేరు. ఎలక్ట్రిక్ బేస్‌లో తీగల కింద ఉండే పికప్ అనే అయస్కాంత భాగం పట్టేది ఉక్కు తీగ కదలికని. కొత్త తీగలు వేసిన రోజుకీ, చెమట పట్టిన మూడు నెలల తీగలకీ ఉన్న తేడా నేను కళ్లు మూసుకుని చెప్పగలను. పికప్‌ని రెండు మిల్లీమీటర్లు కిందకి దించితే వచ్చే తేడా కూడా చెప్పగలను. ఆరు మిల్లీమీటర్ల పలక తేడా మాత్రం చెప్పలేను. దానికి విడిగా పదహారు వేలు ఇచ్చాను. అందం కోసం ఇచ్చాననుకుంటే సరే, అది చూసినప్పుడల్లా ఇప్పటికీ నాకు ఇష్టమే. స్వరం కోసం ఇచ్చాననుకుంటే మాత్రం ఆ డబ్బు తీగలకీ, పికప్ నుంచి వచ్చే శబ్దాన్ని పెంచే మంచి ప్రీయాంప్‌కీ పెట్టాల్సింది.

అయిదో తీగ గురించి చాలామంది అడుగుతారు. బీ తీగ స్వరం దాదాపు 31 హెర్ట్జ్. పల్లెటూరి మైక్ సెట్ బాక్సులు అంత కిందకి దిగవు, కాబట్టి అసలు స్వరం ఎవరికీ వినపడదు. దాని పై స్వరాలు వినిపిస్తే చెవి మిగతాది పూరించుకుంటుంది. తీగ వదులుగా ఊగితే ఆ పై స్వరాలే మసకబారి, ఏ శృతిలో ఉందో తెలియని బుర్రుమనే చప్పుడొకటి మిగులుతుంది. ఇందులో బీ తీగ బిగువుగా నిలుస్తుంది, కీబోర్డ్ వాయించే మా అన్నయ్య "ఇప్పుడు పాట నేల మీద నిలబడిందిరా" అన్నాడు మొదటి రోజే.

లోపాలు లేవని కాదు. బరువు 4.9 కిలోలు. పైడితల్లి అమ్మవారి పండగ రోజుల్లో నాలుగు గంటలు నిలబడి వాయిస్తే మర్నాడు ఎడమ భుజం లేవదు. మూడంగుళాల వెడల్పు తోలు స్ట్రాప్ కొన్నాక కొంత నయం. మేపుల్ పొర తెల్లగా ఉండాల్సింది, నా దగ్గరకి వచ్చేసరికే అక్కడక్కడా గులాబీ రంగు పట్టింది. పడాక్‌లో రంగు నూనెతో కలిసి కారుతుంది, నూనె పట్టించే ముందు ఆ గీతని సీల్ చేసుకోవాలి. చేసినాయన తొందరలో ఆ పని వదిలేశారు, అడిగితే "అదే సహజ సౌందర్యం" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు. నేను మొదటిసారి నూనె పట్టించినప్పుడు తెల్ల పంచె ముక్క వాడాను, పారాణి తుడిచినట్టు ఎర్రగా అయిపోయింది. వెంగే రేఖలు విశాలంగా ఉంటాయి కాబట్టి మొదటి ఆరు నెలలూ నెక్ వెనక బొటనవేలికి గరుగ్గా తగిలేది. ఇప్పుడు మా అమ్మమ్మ వాడిన రోకలి నడుములా నున్నబడింది.

ప్రీయాంప్‌కి తొమ్మిది వోల్టుల బ్యాటరీ. కేబుల్ గుచ్చి ఉంచినంతసేపూ అది కాలుతూనే ఉంటుంది. ఈ సంగతి తెలియక రెండు రాత్రులు గుచ్చే వదిలేశాను, ఒక పెళ్లిలో తాళి కట్టే వేళకి బేస్ మూగబోయింది. ఆ కుటుంబానికి ఆ క్షణం మళ్లీ రాదు కదా, తలచుకుంటే ఇప్పటికీ బాధే. అప్పట్నుంచి సంక్రాంతికీ దసరాకీ బ్యాటరీ మార్చేస్తాను, పనిచేస్తున్నా సరే. 2021లో జాక్ తుప్పు పట్టి గరగరమంటే ఊళ్లో టీవీలు బాగుచేసే కుర్రాడే అరగంటలో కొత్తది టంకం పెట్టి ఇచ్చాడు.

విదేశాలకి తీసుకెళ్లేవాళ్లకి ఒక మాట. 2017 జనవరి 2 నుంచి రోజ్‌వుడ్ జాతులన్నీ సైటిస్ (అరుదైన జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) నిబంధనల కిందకి వచ్చాయి, అప్పట్లో వాయిద్యాలకీ కాగితాల బెడద తప్పలేదు. తయారీ పూర్తయిన వాయిద్యాలకి మినహాయింపు 2019 నవంబరు 26 నుంచి అమల్లోకి వచ్చింది. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కి మాత్రం ఆ మినహాయింపు లేదు. అందుకే ఏ కర్ర వాడారో బిల్లు మీద పేరుతో రాయించుకోండి.

బొబ్బిలి పెద్దాయన ఆ రాత్రి బేస్‌ని తిరగేసి, ఒళ్లో పెట్టుకుని, నెక్ వెనక బొటనవేలు పైనుంచి కిందదాకా ఒకసారి పోనిచ్చారు. అతుకుల దగ్గర గోరు ఆగుతుందేమో చూశారు, ఆగలేదు. తర్వాత వేలి కణుపుతో బాడీ మీద రెండు దెబ్బలు కొట్టి చెవి దగ్గర పెట్టారు. "దండి బాగుంది బావూ. కుండే బరువెక్కువ. పనసతో సేయిస్తే ఇంత బరువుండదు" అన్నారు. నెక్‌ని దండి అనీ బాడీని కుండ అనీ అనడం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. పనస కూడా కోసినప్పుడు పసుపుపచ్చగా ఉండి ఏళ్లు గడిచేకొద్దీ ఎర్రబారుతుందని, ఏకాండి వీణకి ఒకే దుంగలో దండీ కుండా తొలుస్తామని చాలాసేపు చెప్పారు.

మొన్న ఆదివారం వీణలు చేసే గొల్లపల్లికి, ఆ పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఒక పనస పలక నా కోసం పక్కన పెట్టి ఉంచారు, రెండంగుళాల మందం, అంచుల్లో ఇంకా పచ్చితనం వాసన ఉంది. ఇప్పుడే తీసుకెళ్తానంటే ఒప్పుకోలేదు. ఇంకో వానాకాలం దాటనివ్వమన్నారు.