ఫిడేలు విద్వాంసుడా, వాయులీన విద్వాంసుడా?

విశాఖలో కచేరీ ఆహ్వానపత్రిక అచ్చు వేయించేటప్పుడు ఈ తగవు తప్పదు. ‘ఫిడేలు’ ఇంగ్లీషు ఫిడిల్. నడుమ ఏత్వం సాగదీసి, చివర ఉకారం తగిలించి మనవాళ్లు సొంతం చేసుకున్నారు. ‘వాయులీనం’ మరీ గడుసుది. ఇటాలియన్‌లో వియోలా అనే తీగల వాద్యంలో చిన్నదాన్ని ‘వియోలినో’ అంటారు; అదే ఇంగ్లీషులో వయొలిన్. ఆ శబ్దానికి సంస్కృతం తొడిగితే వాయులీనం, అంటే గాలిలో లీనమైనదట! అర్థం చూస్తే వేణువుకే నప్పుతుంది. తీగలమీద కమాను లాగేవాడికి గాలితో ఏమి పని?

నా ఓటు ఫిడేలుకే. విశాఖలో పెరిగిన ఫిడేలు విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు (1893–1964) జనం నోట ‘ఫిడేలు నాయుడుగారు’. ‘వాయులీనం నాయుడుగారు’ అని చూడండి, నోరు తిరగదు.

వీణకు ఈ పేచీ లేదు: ‘ఈ’ కాస్తా ‘ఐ’గా మారి, వాయించేవాడు వైణికుడు.