తల అరిగిన సీటు బోల్టు, ఒక ఎక్స్‌ట్రాక్టర్ సెట్

కార్పెట్ కింద నీళ్లు చేరి కారంతా ముక్కిపోయిన వాసన కొడుతుంటే ముందు సీటు విప్పబోయాను. మూడు బోల్టులు బుద్ధిగా వచ్చాయి. నాలుగోది మొరాయించింది. టార్క్స్ బిట్ (నక్షత్రం ఆకారపు మొన) పెట్టాల్సిన చోట ఎలెన్ కీతో (ఆరు పలకల తాళంతో) బలం చూపించాను, తల లోపలంతా నున్నగా అరిగిపోయింది. తప్పు నాదే. అప్పుడు కొన్నాను ఈ సెట్. ఎడమవైపు తిరిగే డ్రిల్ బిట్లు ఐదు, అరిగిన బోల్టును లోపలినుంచి పట్టుకుని బయటికి తిప్పే ఎక్స్‌ట్రాక్టర్లు ఐదు.

వేడి గాలి ఊదే హీట్ గన్ వాడదామనుకున్నాను గానీ పక్కనే ఫోమ్, కార్పెట్ ఉండటంతో ధైర్యం చాలలేదు. తుప్పు వదిలించే నూనె చల్లి రాత్రంతా వదిలేశాను. (సీటు కింద పసుపు కనెక్టర్ ఉంటే అది ఎయిర్‌బ్యాగ్‌ది కావచ్చు, ముందే బ్యాటరీ నెగటివ్ తీసేశాను.)

సెంటర్ పంచ్‌తో (మొనదేలిన ఉక్కు కడ్డీతో) బోల్టు తలకి సరిగ్గా మధ్యలో గుర్తు కొట్టి, డ్రిల్‌ను రివర్స్‌లో, బాగా నెమ్మదిగా తిప్పాను. ఎడమ బిట్ గొప్పతనం ఇదే: అది కోసే దిశ, బోల్టు ఊడే దిశ ఒకటే. ఒక్కోసారి దాంతోనే బయటికి వచ్చేస్తుందట. నాకు రాలేదు. ఆ రంధ్రంలో ఎక్స్‌ట్రాక్టర్‌ను పెట్టి సుత్తితో రెండు దెబ్బలు కొట్టి, ట్యాప్ హ్యాండిల్‌తో (దాన్ని పట్టి తిప్పే పిడితో) చేత్తోనే తిప్పాను. దీన్ని డ్రిల్‌కి బిగించకండి. గట్టి ఉక్కు, పుటుక్కున విరుగుతుంది. లోపల విరిగితే మామూలు బిట్ దానిమీద గీత కూడా పెట్టలేదు. 'కిర్ర్' మని చప్పుడొచ్చినప్పుడు విరిగిందనే అనుకున్నా, కదిలింది బోల్టు!

ఎక్స్‌ట్రాక్టర్లు బాగున్నాయి. బిట్లు మాత్రం నాసిరకం, ఒక్క బోల్టుకే నా బిట్ పదును పోయింది. డబ్బా మూత మొదటి రోజే ఊడింది. మూడు స్టార్లు.