ఓవెన్ వంటకు ఫ్రోజెన్ రొయ్యలు: హన్మకొండలో కొన్న ఒక ప్యాకెట్టు గురించి

పొట్టు, నరం తీసి గడ్డకట్టించిన రొయ్యలు ఇప్పుడు హన్మకొండ సూపర్‌మార్కెట్లలో అరకిలో ప్యాకెట్లుగా దొరుకుతున్నాయి. పని ముగించుకుని ఇంటికి చేరిన రాత్రి, పొయ్యి ముందు నిలబడకుండా అరగంటలో భోజనం సిద్ధం చేసుకోవాలనుకునేవారికి ఇది నిజంగా అక్కరకొచ్చే సరుకు. అయితే తూకంలో నాకు గట్టి అభ్యంతరమే ఉంది.

సముద్రానికి ఇంత దూరంలో ఉన్న మన ఓరుగల్లుకు రొయ్య ఏ రూపంలో వచ్చినా మంచు మీదే రావాలి. చేపల మార్కెట్లో తాజావిగా కనిపించేవి కూడా ఎక్కువగా కోస్తా చెరువుల నుంచి ఐసు పెట్టెల్లో వచ్చినవే. వాటికి తల, పొట్టు తీసేస్తే సగానికి కాస్త అటూ ఇటూగా మిగులుతుంది, ఒలిచే శ్రమ అదనం. లోయర్ మానేరు వంటి జలాశయాల్లో పెరిగే పెద్ద మంచినీటి రకం, నీలకంఠ రొయ్య, దొరికిన రోజు నేను మరో ఆలోచన లేకుండా దాన్నే కొంటాను, కానీ దాన్ని పులుసు పెట్టుకోవడమే న్యాయం.

ప్యాకెట్టులో ఉన్నది 2009లో మన దేశంలో సాగుకు అనుమతి పొందిన వన్నామీ రకం. పైన ముద్రించిన 41-50 అన్న అంకె పౌనుకు, అంటే 454 గ్రాములకు, ఎన్ని రొయ్యలు తూగుతాయో చెబుతుంది. ఓవెన్‌కు ఈ పరిమాణం సరిపోతుంది; ఇంతకంటే చిన్నవి పైన రంగు తిరిగేలోపే లోపల ముదిరిపోతాయి.

ఇక తూకం సంగతి. నేను కొన్న ప్యాకెట్టు మీద 500 గ్రాములని ఉంది. రాత్రంతా ఫ్రిజ్‌లో చిల్లుల గిన్నెలో కరగనిచ్చి, నీరంతా ఓడ్చి తూచితే 410 గ్రాములే తేలింది. రొయ్య ఎండిపోకుండా పలుచని మంచుపొర పట్టించడం ఈ పరిశ్రమలో మామూలే, అందులో తప్పు లేదు. కానీ ఆ పొరను మినహాయించిన బరువునే ప్రకటించాలని అంతర్జాతీయ ఆహార ప్రమాణమైన కోడెక్స్ చెబుతోంది. నీటికి రొయ్య ధర కట్టించుకోవడం అన్యాయం. దీనికి తోడు, పదార్థాల జాబితాలో 451 అన్న సంఖ్య కనిపిస్తే అది నీటిని పట్టి ఉంచే ట్రైపాలీఫాస్ఫేట్ అని గుర్తించాలి. అటువంటి రొయ్య ఓవెన్ వేడికి నీరు వదులుతుంది, దాంతో కాలవలసినది ట్రేలోనే ఉడుకుతుంది. అందుకే రొయ్యలు, ఉప్పు తప్ప మరేమీ రాయని ప్యాకెట్టును వెతికి తీసుకోవడం మంచిది.

వంటలో ఫలితాన్ని తేల్చేది మసాలా కాదు, తడి. ఓడ్చిన రొయ్యలను నూలు గుడ్డలో పరిచి, పైన మరో గుడ్డ వేసి అరచేత్తో ఒత్తితే గుడ్డ ఎంత తడుస్తుందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఆ తరువాతే పల్లి నూనె, దంచిన వెల్లుల్లి, ఉప్పు, మిరియాల పొడి, చపాట మిర్చి పొడి పట్టించాలి. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన వరంగల్ చపాటకు రంగు ఎక్కువ, ఘాటు తక్కువ కనుక రొయ్యలోని తియ్యదనం మరుగున పడదు. మామూలు కారం వేస్తే నాలుకకు మంట తప్ప ఇంకేమీ తెలియదు. ఓటీజీని, అంటే ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్‌ను, పైనా కిందా ఉన్న రెండు రాడ్లతో 220 డిగ్రీలకు ముందే వేడిచేసి, రొయ్యలు ఒకదానిపై ఒకటి పడకుండా ట్రేలో పరిచి, ఏడెనిమిది నిమిషాలు ఉంచితే చాలు. బూడిద రంగు పోయి గులాబీ ఎరుపు తేరి, రొయ్య నెలవంకలా వంగినప్పుడే తీసేయాలి, సున్నాలా చుట్టుకుందంటే ముదిరినట్టే. నిమ్మరసం బయటికి తీశాకే పిండాలి, ముందే కలిపి నానబెడితే పులుపుకు మాంసం బిగుసుకుంటుంది. వేడి జొన్నరొట్టెతో ఇది చాలా బాగుంటుంది. ట్రేలో మిగిలిన ఎర్రని నూనెను రొట్టె ముక్కతో అద్దుకుని తినడం మా ఇంట్లో అందరికీ ఇష్టం.

దుకాణంలో ప్యాకెట్టును తప్పక నొక్కి చూడాలి. లోపల రొయ్యలు విడివిడిగా కదలాలి. అంతా ఒకే గడ్డగా ఉంటే మధ్యలో ఎక్కడో కరిగి మళ్ళీ గడ్డకట్టిందని అనుమానించి వదిలేయడమే మేలు. మైనస్ 18 డిగ్రీల్లో ఉండవలసిన సరుకు కనుక, వేసవిలో దీన్ని అన్నింటికంటే చివర తీసుకుని నేరుగా ఇంటికి చేర్చాలి.